కుడి వైపు పదకొండు మిల్లీమీటర్లు

సెవేసో తెచ్చిన కాగితంలో మూడు వాక్యాలు ఉన్నాయి. మొదటి రెండూ నిజం. మూడోది అబద్ధం.

సెవేసో మిలాన్‌లో పాత కార్లు కొని అమ్మే వ్యాపారి. ఆ ఏడు, అంటే ఎనభై తొమ్మిదిలో, పాత కార్ల కోసం లోకానికంతా పిచ్చెక్కినట్టు ఉండేది. మా మోదెనా చుట్టుపక్కల ఏ గడ్డివామి కింద తుప్పుపట్టిన ఇంజన్ మూత కనబడినా సరే, మిలాన్ నుంచి మనుషులు దిగిపోయేవాళ్లు. అతను మా ఇంటికి రావడం అది మూడోసారి. మొదటిసారి వచ్చినప్పుడు, రేకు కొట్టి కార్లకు బాడీలు చేసిన నా భర్త ఇవాల్దో ఫోటో ముందు టోపీ తీసి నిలబడ్డాడు. రెండోసారి నా అటక మీది వెనిగర్ ఒక చిన్న సీసా కొనుక్కున్నాడు. మూడోసారి కాగితమూ, బంగారు పాళీ ఉన్న కలమూ తెచ్చాడు.

వంటింటి బల్ల మీద కాగితం పరిచి సంతకం ఎక్కడ పెట్టాలో గోటితో చూపించాడు. నేను చదవడం మొదలుపెట్టాను. అంతా మనం అనుకున్నదేననీ, చదవక్కర్లేదనీ అన్నాడు. నేను చదువుతూనే ఉన్నాను. ఇవాల్దో పోయాక, నలభై ఐదో ఏట, పనివాళ్ల కోసం బడిలో సాయంత్రాలు పెట్టిన తరగతుల్లో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతాను. కానీ ఒక్క మాట కూడా వదలను.

మొదటి వాక్యం ఇది: అరవై ఒకటి నవంబరులో బొలోన్యా మందుల షాపు ఆసామి ఫంతూజీ, కొండ పందెంలో కాలిపోయిన తన కారు చాసిస్‌ను, అంటే అడుగు చట్రాన్ని, బోంపోర్తో దగ్గరున్న మా కొట్టానికి తెచ్చాడు. రెండోది: ఆ చాసిస్ ముందు ఎడమ మూల విరిగిన చోట ఇవాల్దో మలగోలి అతుకు వేశాడు, నంబరు ఆ అతుక్కి పైనే చెక్కుచెదరకుండా ఉంది. మూడోది: తూరినోలోని పేరున్న బాడీ కంపెనీలో తయారై వచ్చిన బాడీని మలగోలి ఎంతో గౌరవంగా ఆ చాసిస్ మీద బిగించాడు.

తూరినో నుంచి ఏమీ రాలేదని చెప్పాను.

సెవేసో కుర్చీ దగ్గరకు జరుపుకుని ఓపికగా మొదలుపెట్టాడు. ఆ కారు ఇప్పుడు అతని చేతికి వచ్చింది. కోమో సరస్సు ఒడ్డున ఇల్లున్న ఒకాయన కొనడానికి సిద్ధంగా ఉన్నాడు. కానీ అదే నంబరుతో స్విట్జర్లాండ్‌లో ఇంకో కారు బయటపడింది. రెండింటిలో ఏది అసలుదో పాత కార్ల రిజిస్టరు వాళ్లు తేల్చాలి. అందుకు కళ్లారా చూసిన మనిషి సంతకం కావాలి. అతుకు వేసిన రోజున కొట్టంలో ఉన్నవాళ్లం ఇద్దరమే, ఇవాల్దో, నేను. ఇవాల్దో పోయి పద్దెనిమిదేళ్లయింది.

“చాసిస్ సంగతి సంతకం పెడతాను. బాడీ సంగతి కొట్టేయండి” అన్నాను.

“కొట్టేస్తే మీకే నష్టం సిన్యోరా. మీ మంచి కోసమే రాయించాను.”

అప్పుడు అసలు విషయం బయటపెట్టాడు. కొనబోయే ఆయనకు కావలసినవి రెండే: కారు మీద ఫ్యాక్టరీ వాళ్లు మొదట తొడిగిన బాడీ అయినా ఉండాలి, లేదంటే గొప్ప పేరున్న బాడీ అయినా ఉండాలి. మొదటిది కాలి బూడిదైంది. పశువుల కొట్టంలో ఊరూపేరూ లేనివాడు కొట్టిన రేకు మాత్రం ఆయనకు వద్దు. మూడో వాక్యం లేకపోతే ఈ బాడీని కోసి తీసేసి, పాత ఫోటోలు చూసి మొదటి బాడీలాంటిది కొత్తగా చేయించి తొడుగుతారు.

“మీ ఆయన చేసిన బాడీ ఇంకెక్కడైనా మిగిలి ఉందా? లేదు కదా. ఇదొక్కటే. సంతకం పెడితే సరస్సు ఒడ్డున అద్దాల గదిలో వందేళ్లుంటుంది. పెట్టకపోతే జూన్ నెలకల్లా తుక్కు. మీరే ఆలోచించుకోండి.”

అతను చెప్పింది నిజమే. ఇవాల్దో బాడీలు చాలానే కొట్టాడు, కానీ అన్నీ వేరేవాళ్ల షాపుల్లో, వేరేవాళ్ల పేరు బిళ్లలు తగిలించుకుని వెళ్లిపోయాయి. కొన్ని పందేల్లో విరిగాయి, కొన్ని కరిగాయి. మా కొట్టంలో మొదలై మా కొట్టంలోనే పూర్తయినది ఇదొక్కటే.

నేను మూడో వాక్యం మళ్లీ మొదటి నుంచి చదివాను. అది చూసి సెవేసో కలం మూత తీశాడు. ఆ మూత తీయడమే నాకు ఒళ్లు మండించింది.

మొన్న కొనుక్కున్న వెనిగర్ ఎన్నేళ్లదని అడిగాను. వందేళ్లదని మీరే చెప్పారు కదా అన్నాడు. ఎలా వందేళ్లదో తెలుసా అని అడిగాను. అటక మీద పీపాలు వరసగా ఉంటాయి, పెద్దది మొదలు చిన్నది దాకా. ఏటా చిన్న పీపాలోంచి కొంచెం తీస్తాం. ఆ వెలితిని దాని పక్క పీపాతో నింపుతాం, దాన్ని ఆ పక్కదానితో. అన్నిటికంటే పెద్దదానిలో ఆ ఏటి ద్రాక్షరసం పోస్తాం. ఇవాల్దో నానమ్మ మొదలుపెట్టిన పీపాలు అవి. ఆమె పోసిన రసంలో ఎన్ని చుక్కలు మిగిలాయో దేవుడికి తెలియాలి. పీపాల చెక్కలు కూడా కొన్ని మార్చాం.

“అయినా మీరు బేరమాడకుండా కొన్నారు. నానమ్మ సంతకం అడగలేదు. ఆ వెనిగర్ తూరినో నుంచి వచ్చిందని రాసివ్వమనీ అడగలేదు.”

“వెనిగర్ వేరు, కారు వేరు సిన్యోరా.”

“అవును, వేరే. వెనిగర్ దగ్గర మీరు అబద్ధం ఆడాల్సిన పని లేకపోయింది.”

కాగితం బల్ల మీదే వదిలేసి వెళ్లాడు. పదిహేను రోజుల్లో మోదెనాలో రిజిస్టరు వాళ్ల తనిఖీ ఉంది, ఈలోగా ఆలోచించుకోమన్నాడు. వెళ్తూ వెళ్తూ గెర్రీనోతో కూడా మాట్లాడానని ఒక మాట వేసి పోయాడు.

గెర్రీనో ఇవాల్దోకి పద్నాలుగో ఏటి నుంచి పనిలో జత. మా వైపు రేకు పనివాళ్లు జంటలుగానే ఉండేవారు. గీసిన బొమ్మలూ కొలతలూ ఏమీ ఉండవు. సన్నటి ఇనప చువ్వలు వంచి కారు అస్థిపంజరంలా ఒకటి కడతారు. ఒకడు ఎడమ వైపు రేకు కొడతాడు, ఒకడు కుడి వైపు. కొట్టిన రేకును చువ్వల మీద పెట్టి చూసుకుంటారు, అరచేత్తో తడిమి చూసుకుంటారు. ఇవాల్దో ఎప్పుడూ ఎడమ, గెర్రీనో ఎప్పుడూ కుడి. ఊళ్లో వాళ్ల పేర్లు కూడా విడివిడిగా పలికేవాళ్లు కాదు.

ఆదివారం గెర్రీనో వచ్చాడు. వేడి రొట్టెలు కాల్చి, పందికొవ్వు ముద్దా లాంబ్రుస్కో వైన్ సీసా ముందు పెట్టాను. మూడు రొట్టెలు తిన్నాక గానీ నోరు విప్పలేదు. సెవేసో అతనికి మోదెనాలో పెద్ద భోజనం పెట్టించాడట. తను అచ్చు వేయించే పుస్తకంలో ఒక పేజీ నిండా గెర్రీనో ఫోటో వేస్తాడట. తనిఖీ రోజున, బాడీ తూరినో నుంచి రైలు పెట్టెలో రాగా చూశానని గెర్రీనో చెప్పాలి. అంతే.

“చెప్తానన్నావా?”

“అన్నాను రెజ్దోరా. నువ్వు కూడా ఆ సంతకం పెట్టేయ్.”

ఇంటి పెత్తనం చేసే ఆడమనిషిని మా వైపు రెజ్దోరా అంటారు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచి గెర్రీనో నన్ను అలాగే పిలుస్తాడు. ఎవరి పేరైతేనేం, కారు బతికి ఉంటే చాలని అతని వాదన. బోంపోర్తోలో సగం మంది పిల్లలు ఎవరి పేరుతో పెరిగారో దేవుడికెరుక, వాళ్లకేం తక్కువైందని అడిగాడు.

“బాగానే చెప్పావు. మరి నీ కొడుక్కి ఆ తూరినో వాళ్ల ఇంటిపేరు పెట్టెయ్, ఫోటో ఇంకాస్త పెద్దదేస్తారు.”

“వాణ్ని వాళ్లు కూడా తీసుకోరులే. ఎగతాళి కాదు, విను. తుక్కు చేస్తారు దాన్ని. పెద్ద కత్తెరలు పెట్టి ముక్కలు చేస్తారు. ఇవాల్దో చేతుల్ని కోసినట్టే. నువ్వు చూడగలవా?”

చూడలేను. ఆ మాట అతనికి చెప్పలేదు. దానికి బదులు ఇంకో ప్రశ్న వేశాను.

“కుడి వైపు ఎవరు కొట్టారని చెప్తావు, గెర్రీనో?”

అతను గ్లాసులోకి చూశాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ ప్రశ్న మా ఇద్దరి మధ్యా ఎవరూ ఎత్తలేదు. తూరినో వాళ్లే కొట్టారనుకుంటే ఆ గొడవే ఉండదు కదా అని గొణిగాడు. లేచి టోపీ పెట్టుకుని, వచ్చిన దారినే సైకిల్ మీద వెళ్లిపోయాడు.

అరవై ఒకటి డిసెంబరులో కాలవ గట్టు మీద మంచు గడ్డకట్టింది. గెర్రీనో సైకిల్ జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. వేలి కొసల నుంచి మోచేతి దాకా సిమెంటు పట్టీ వేశారు. ఫంతూజీకి ఈస్టర్ పండగకల్లా కారు కావాలి, బయానా తీసుకుని రేకులు కొనేశాం. ఇంకో మనిషిని పెట్టుకుంటే మాట మోదెనా అంతా పాకుతుంది, మలగోలి దగ్గర జత లేదట అని.

షాపుల నుంచి మా కొట్టానికి తెచ్చుకునే విడి రేకులను వేడి చేయడం అప్పటికే నా పని. అల్యూమినియం కొడుతూ ఉంటే గట్టిపడుతుంది, మళ్లీ మెత్తబడాలంటే కాల్చాలి. కానీ అది ఇనుములా ఎర్రబడి చెప్పదు, ఉన్నట్టుండి కరిగి కారిపోతుంది. అందుకని దాని మీద బట్టల సబ్బు రుద్ది మంట పెడతాం. సబ్బు పాకంలా గోధుమరంగుకు తిరిగిందంటే చాలు, నల్లబడిందంటే మించిపోయినట్టు. పాకం చూడడం ఇవాల్దోకి చేతకాదు, నాకు వచ్చు. రేకు లోపలి వైపు చెయ్యి దూర్చి ఇనప దిమ్మె ఆనించి పట్టుకోవడం కూడా నా పనే. నా చెయ్యి సన్నం, ఎంత ఇరుకులోకైనా పోతుంది. ఇలా మూడేళ్లు చూశాక ఏ దెబ్బ ఎక్కడ పడాలో నా చెవికే తెలిసిపోయేది. మెత్తటి రేకు మొద్దుగా పలుకుతుంది, గట్టిపడ్డది ఖంగుమంటుంది.

ఒక ఉదయం ఇవాల్దో కొయ్య సుత్తి నా చేతికిచ్చి, కుడి వైపు నువ్వే కొట్టు అన్నాడు. ఎందుకు, ఎలా అని నేనూ అడగలేదు. వరి చేలల్లో కలుపు తీసిన నడుమూ భుజాలూ నావి, రోజంతా కొట్టినా ఆగేవి కావు. మొదటి రేకు పాడుచేశాను. రెండోది చువ్వల మీద కూర్చుంది. మార్చి నెలకల్లా కుడి వైపు తలుపు మొదలు వెనక చక్రం మీది ఉబ్బు దాకా నేనే పూర్తి చేశాను.

ఫంతూజీ చూడడానికి వచ్చిన రోజుల్లో మాత్రం నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. గెర్రీనో వచ్చి పెద్ద కోటు వేసుకుని, సిమెంటు చెయ్యి జేబులో దాచి, ఎడం చేత్తో సుత్తి పట్టుకుని కుడి వైపు నిలబడేవాడు. ఫంతూజీ అతని భుజం తట్టి మెచ్చుకునేవాడు. నేను కాఫీ పట్టుకెళ్లేదాన్ని. ముగ్గురం తర్వాత పడీపడీ నవ్వుకునేవాళ్లం. కారు వెళ్లిపోయాక ఆ నవ్వు ఆగింది గానీ ఆ మాట ఆగలేదు. గెర్రీనో కొట్టిన కుడి వైపు అని ఊరంతా అనేది, అతను వినేవాడు. ఇవాల్దో కూడా దిద్దలేదు. అతను మెత్తటి మనిషి. ఈ కాగితం అతని ముందు పెట్టి ఉంటే సంతకం పెట్టేసి, సెవేసోకి ఇంకో గ్లాసు పోసేవాడు.

నేను పెట్టలేను. అది మంచితనమని కాదు. ఒకసారి వంటింట్లోకి వెళ్లినందుకు, మళ్లీ బయటికి రావడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. ఇప్పుడు తూరినో పేరు రాసిచ్చి ఇవాల్దోని కూడా నాతోపాటు వంటింట్లోకి పంపలేను.

తనిఖీ మోదెనా రైల్వే గేటు దగ్గర ఒక గ్యారేజీలో పెట్టారు. గెర్రీనో నాకంటే ముందే వచ్చి, ఆదివారం చొక్కా వేసుకుని సెవేసో పక్కన నిలబడ్డాడు. నన్ను చూసి తల ఊపాడు గానీ దగ్గరికి రాలేదు. కారు నాలుగు ఇనప కాళ్ల మీద ఎత్తి పెట్టి ఉంది. ఇరవై ఏడేళ్ల తర్వాత చూడడం. ఎవరో ఎర్ర రంగు కొట్టించారు, మేము ఇచ్చినప్పుడు అది బూడిద రంగు. నేను నేరుగా కుడి వైపుకు నడిచి వెనక ఉబ్బు మీద అరచెయ్యి వేశాను. రంగు మారినా నా చేతికి అది తెలుసు.

రిజిస్టరు తరఫున వచ్చినాయన పేరు ఇంజనీర్ గట్టీ. పొడుగ్గా, పొడిగా ఉన్నాడు. ఎవరితోనూ చేయి కలపలేదు, అందరినీ ఒకేలా అనుమానించాడు. అది నాకు నచ్చింది. ముందు చాసిస్ సంగతి అడిగాడు. నంబరున్న చోటికి లోపలి వైపు ఇవాల్దో వేసిన పట్టీ ఏ ఇనుముదో తెలుసా అన్నాడు.

మా అత్తగారి మంచానిదని చెప్పాను. ఆ వారం ఇంట్లో వేరే ఇనుము లేదు. అత్తగారు చనిపోయినప్పటి నుంచి ఆ ఇనప మంచం కొట్టంలోనే పడి ఉంది. దాని పక్క పట్టీ కోసి అతికాడు. బోల్టులు దిగిన రెండు రంధ్రాలు జానెడు దూరంలో ఉంటాయి, పూడ్చడానికి తీరిక లేకపోయింది. గట్టీ కారు కిందకు దూరి, దీపం పట్టి, రంగు గీకాడు. చాలాసేపటికి బయటికొచ్చి మోకాళ్లు దులుపుకున్నాడు.

“రెండు రంధ్రాలు. స్విట్జర్లాండ్ కారుకి లేవు” అన్నాడు.

సెవేసో మొహం వెలిగిపోయింది. ఇక కాగితం మీద సంతకం ఒక్కటే మిగిలిందన్నాడు. గట్టీ కాగితం తీసుకుని చదివి, మూడో వాక్యం దగ్గర ఆగాడు. తను పొద్దున బాడీ రెండు వైపులా కొలిచాననీ, కుడి వెనక ఉబ్బు ఎడమదానికంటే పదకొండు మిల్లీమీటర్లు ఎక్కువుందనీ చెప్పాడు. చేత్తో కొట్టిన పాత బాడీల్లో నాలుగైదు మిల్లీమీటర్ల తేడా మామూలేనట. పదకొండు తను ఎప్పుడూ చూడలేదట. తూరినోలో అంత పెద్ద కంపెనీ ఇలాంటిది గేటు దాటనిస్తుందా అని అడిగాడు.

సెవేసో తడుముకోలేదు. చూసిన మనిషి ఇక్కడే ఉన్నాడంటూ గెర్రీనో వీపు మీద చెయ్యేశాడు. మోదెనాలో కుడి వైపు రేకు అంటే ఈయన తర్వాతేనని గట్టీకి పరిచయం చేశాడు. బాడీ రైలు పెట్టెలో వచ్చిన సంగతి చెప్పమన్నాడు.

గెర్రీనో కారు కుడి వైపుకి చూస్తున్నాడు. నేను అతని కోసం ఆగలేదు.

“తూరినో నుంచి ఏమీ రాలేదు. ఎడమ వైపు నా మొగుడు కొట్టాడు. కుడి వైపు నేను కొట్టాను. ఆ పదకొండు మిల్లీమీటర్లు నావి” అన్నాను.

మొదట నవ్వింది సెవేసోనే. తర్వాత గ్యారేజీ మెకానిక్కులు ఇద్దరు నవ్వారు. గట్టీ నవ్వలేదు, అలా అని నమ్మినట్టూ లేడు. తేడా ఎందుకొచ్చిందని అడిగాడు. చెప్పాను: ఆ రేకు ఒకసారి ఎక్కువ కాల్చాను, సబ్బు నల్లబడే దాకా వదిలేశాను, మెత్తబడిపోయి దెబ్బకి ఎక్కువ సాగింది. సాగిన రేకు మళ్లీ ముడుచుకోదు. ఇవాల్దో అరచేత్తో తడిమి చూసి, ఉండనీ, రెండు వైపులూ ఒకేసారి చూడగలిగే కళ్లు ఎవరికీ లేవన్నాడు. గట్టీ కలం రాయడం మొదలుపెట్టింది.

సెవేసో గోడకున్న కొయ్య సుత్తి తీసి నా ముందు బల్ల మీద పెట్టాడు.

“అయితే ఒకసారి కొట్టి చూపించండి సిన్యోరా. మేమూ నేర్చుకుంటాం.”

“నేను సర్కస్‌కి రాలేదు. కార్లు అమ్ముతారని కారు చేసి చూపించమని మిమ్మల్నెవరూ అడగలేదుగా.”

ఆ మెకానిక్కులే ఈసారి అతని వైపు తిరిగి నవ్వారు. సెవేసోకి కోపం వచ్చింది. పల్లెటూరి ముసలమ్మ మతి తప్పి మాట్లాడుతోందనీ, నలభై ఏళ్ల పనితనం ఉన్న గెర్రీనో పనిని తనదంటోందనీ గట్టీకి చెప్పాడు. గెర్రీనో వైపు తిరిగి, ఊరుకుంటారేం, మీ పరువు కదా అన్నాడు.

గెర్రీనో టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“ఆ చలికాలం నా చెయ్యి విరిగింది. సిమెంటు పట్టీ వేశారు. ఈస్టర్ దాకా చెంచా కూడా పట్టుకోలేదు” అన్నాడు. “ఆస్పత్రి చీటీ ఇంట్లో ఉంది. కుడి వైపు ఈవిడ కొట్టింది. ఇన్నేళ్లూ నేను కొట్టానంటే ఊరుకున్నాను, దాని మీద వైన్ కూడా తాగాను. రైలు పెట్టె ఏమీ లేదు.”

నావైపు చూడకుండానే టోపీ పెట్టుకున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

గట్టీ మూడో వాక్యం మీద అడ్డంగా గీత గీశాడు. సెవేసో అప్పటికి తేరుకున్నాడు. వ్యాపారి కదా, ఒక తలుపు మూసుకుంటే రెండోది అతనికి ముందే తెలుసు. సరే, చాసిస్ అసలుదని తేలింది, అది చాలు అన్నాడు. బాడీని వచ్చే వారమే కోయించేస్తానని, నాకు వినబడేట్టు మెకానిక్కులకు చెప్పాడు.

“ఇంకా తేలలేదు. నేను సంతకం పెట్టలేదు” అన్నాను.

రంధ్రాలు చూశాను కదా అని గట్టీ అన్నాడు. అవి మా అత్తగారి మంచానివని చెప్పింది ఎవరని అడిగాను. నా నోటి మాట కాగితం మీదకు రాకపోతే, ఆ పట్టీ నిన్న సెవేసో అతికించుకున్నదని స్విట్జర్లాండ్ వాళ్లు అనరా? గట్టీ కొంచెం ఆలోచించి, అంటారని ఒప్పుకున్నాడు.

నా షరతులు రెండని చెప్పాను. ఒకటి: రిజిస్టరులో బాడీ దగ్గర, అరవై ఒకటి, అరవై రెండు చలికాలంలో బోంపోర్తోలో ఇవాల్దో మలగోలి, ఆర్జియా మలగోలి అంటే నేను, ఇద్దరం చేశామని రాయాలి. బాడీ తీసేసినా ఆ వాక్యం తీయకూడదు. రెండు: తీసేటట్టయితే కోయకూడదు. బోల్టులు విప్పి, అతుకులు విప్పి, పూర్తిగా ఒక్కటిగా మా ఇంటికి చేర్చాలి.

“కారు లేని బాడీ పెట్టుకుని ఏం చేస్తారు? కోళ్లు పెంచుతారా?” అన్నాడు సెవేసో.

“పెంచుతాను. గుడ్లు తూరినోవని రాసి మీకే అమ్ముతాను.”

గట్టీ దగ్గినట్టు దగ్గి మొహం తిప్పుకున్నాడు. విప్పడానికి కోయడం కంటే పది రోజుల పని ఎక్కువని సెవేసో లెక్కలు చెప్పాడు, కొనేవాడు ఆగడన్నాడు, నన్ను మొండిదాన్నన్నాడు. ఆఖరుదానికి ఒప్పుకున్నాను. బయట మా ఊరి బస్సు వచ్చే వేళయింది, నేను సంచీ భుజాన వేసుకున్నాను. తలుపు దాకా వెళ్లాక పిలిచాడు. రెండు షరతులూ గట్టీ తన చేత్తో రాశాడు. సెవేసో ముందు సంతకం పెట్టాడు. నేను మొత్తం చదివాను. ఎవరూ తొందరపెట్టలేదు. అప్పుడు నా పేరు రాశాను, సెవేసో కలంతో కాదు, గట్టీ చేతికిచ్చిన మామూలు బాల్‌పెన్నుతో.

బస్సులో గెర్రీనో నా వెనక సీట్లో కూర్చున్నాడు. బోంపోర్తో వంతెన దాటాక ముందుకు వంగి, పుస్తకంలో ఫోటో పోయిందన్నాడు. నా పక్కకొచ్చి కూర్చోమని జరిగాను.

సెవేసో అన్నంత పనీ చేశాడు. వేసవిలో బాడీ విప్పించాడు, కొత్తది చేయించి తొడిగించాడు. రెండు వైపులా వెంట్రుకవాసి తేడా లేదని గట్టీ నాకు ఉత్తరం రాశాడు. కారు సరస్సు ఒడ్డుకు వెళ్లింది. రిజిస్టరులో మా పేర్లున్న పేజీ నకలు కూడా కవరులో పెట్టి పంపాడు. దాన్ని గెర్రీనోకి చదివి వినిపించాను. నువ్వు చదివితే కోర్టు తీర్పులా ఉంటుంది రెజ్దోరా అన్నాడు.

సెప్టెంబరులో, గెర్రీనో, నేనూ పెరట్లో రాగి డేగిసాలో వెనిగర్ పీపాలకి ద్రాక్షరసం కాస్తూ ఉండగా లారీ వచ్చింది. పొంగుతుందేమోనని డేగిసా దగ్గరి నుంచి కదల్లేదు. డ్రైవరే రశీదు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. లారీ వెనక భాగంలో, గడ్డి పరుపుల మధ్య, రంగు గీకేసిన తెల్లటి రేకు ఎండలో మెరుస్తోంది. ఒక్క కోత లేదు. డేగిసా దగ్గరి నుంచే కళ్లతో రెండు చివర్లూ చూసుకున్నాను.

గరిటె గెర్రీనోకి ఇచ్చి రశీదు చదివాను. అల్యూమినియం తుక్కు, డెబ్బై ఆరు కిలోలు, అని ఉంది.

ఇది కొట్టేయమన్నాను.

“నాకేం తెలుసమ్మా, వాళ్లు రాసిచ్చారు. నేను డ్రైవర్ని. ఇంకా రెజ్జో దాకా వెళ్లాలి.”

“కొట్టేసి, కారు బాడీ, ఒకటి, పూర్తిది, అని రాయి. లేకపోతే వెనక్కి పట్టుకుపో.”

అతను గెర్రీనో వైపు చూశాడు. గెర్రీనో గరిటె తిప్పుతూ, రాసెయ్యి నాయనా, మిలాన్ వాళ్లే ఈవిడ చెప్పినట్టు రాశారు అన్నాడు. డ్రైవరు రశీదును లారీ తలుపుకు ఆనించి, ఎండకు కళ్లు చికిలించుకుంటూ, నేను చెప్పినవి వరసగా రాశాడు. చేసినవాళ్ల పేర్లు అడిగితే రెండూ చెప్పాను.

“ఇంకేమైనా రాయాలా?”

“తేదీ వెయ్యి” అన్నాను.

వేశాడు. అప్పుడు సంతకం పెట్టాను.